బీరువాలో వంతెన

తుప్పు మీద మా డివిజన్ ఆఫీసుకి ఉన్నంత పగ మరే ఆఫీసుకీ లేదు. ఈ మాట గర్వంగా చెబుతున్నాను. నేను అక్కడ వర్క్ ఇన్‌స్పెక్టర్ని, పేరు లోకనాథం. ఇరవై రెండేళ్ల సర్వీసులో నా రిజిస్టర్లో ఒక్క కొట్టివేత కూడా లేదు. రాసింది తప్పయినా సరే, కొట్టివేత మాత్రం లేదు.

మా పగకి మూలం ఒక వంతెన. నీలాలరేవు ఊరికీ, అవతల జాలర్లుండే ఇసకలదిబ్బకీ మధ్య ఒక ఉప్పుటేరు ఉంది. దిబ్బ మీది ఆడవాళ్లు తెల్లారగానే చేపల గంపలు నెత్తిన పెట్టుకుని ఏరు దాటి నీలాలరేవు సంతకి రావాలి. ఏటి మొగ ఇసక మేటవేసి పూడిపోయింది కాబట్టి పడవ తిరగదు. అందుకని మా ఆఫీసు వాళ్లకో కర్రవంతెన కట్టింది. ఆ కర్ర మామూలు కర్ర కాదు. చెదలూ పుచ్చూ పట్టకుండా, రాగి కలిసిన మందుని పెద్ద యంత్రంలో ఒత్తిడి పెట్టి లోపలి దాకా ఎక్కించిన కర్ర. ముప్పై ఏళ్లు పూచీ అని కంపెనీ కాగితం కూడా ఇచ్చింది. కర్ర మాట నిలబెట్టుకుంది. మూడో ఏట ఒక మంగళవారం పొద్దున వంతెన విడిపోయి ఏట్లో పడితే, పలకలన్నీ చెక్కుచెదరకుండా తేలాయి. మేకులే లేవు. మేకులు ఉండాల్సిన కన్నాల్లో ఎర్రటి పొడి ఉంది.

పలకలతో పాటు ఏట్లో పడింది బర్రి పోలమ్మ. ముప్పై ఏళ్లుగా సంతలో మొదటి గంప ఆవిడది. ఆ రోజు ఎడమ మోకాలు విరిగింది. కట్టు కట్టించుకుని లేచింది, గట్టి నేల మీద బాగానే నడుస్తుంది గానీ, ఆ కాలు బురదలో దిగితే మళ్లీ పైకి రాదు. మిగతా ఆడవాళ్లు పోటు తీసి నీళ్లు దిగిన వేళ చూసుకుని తొడల్లోతు బురదలో దాటుతున్నారు. పోలమ్మ దాటలేదు. వంతెన వస్తే మళ్లీ గంప ఎత్తుతుంది. రాకపోతే ఆ గంప కోడలి నెత్తిన పెట్టి తను గుమ్మంలో కూర్చోవాలి. కూర్చోవడం ఆవిడకి చేతకాని పని.

విచారణ జరిగింది. దిబ్బ మీద పడవలు కట్టే మేస్త్రి మైలపిల్లి ఎర్రయ్యని సాక్షిగా పిలిచారు. ఎర్రయ్య విషయం మొత్తం ఒక్క నిమిషంలో చెప్పేశాడు. అదే అతను చేసిన పొరపాటు.

"సూడండి బాబూ. ఈ కర్రలో రాగి మందున్నాది. రాగికీ ఇనుముకీ పడదు. తడి తగిల్తే సాలు, రాగి ఇనుముని తినేత్తాది. దానికి తోడు ఉప్పుగాలి. మామూలు మేకయితే రెండేళ్లు. పైపైన తళతళలాడే జింకు పూత మేకయితే ఇంకో ఏడాది. కరిగిన జింకులో ముంచి తీసిన మేకు, పూత మందంగా ఉంటాది, అది కొంత నయం. సముద్రం ఒడ్డున మాత్రం ఓడలకి కొట్టే స్టీలు మేకే కొట్టాల. అది కొడితే మీ మనవలు నడుత్తారు."

మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు పరాంకుశం గారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "నీవు చెప్పినది సాక్ష్యమా, అభిప్రాయమా, లేక సాంకేతిక సూచనా?"

"మేకు సంగతి బాబూ," అన్నాడు ఎర్రయ్య.

ఈ జవాబు ఏ కాలమ్‌లోనూ ఇమడలేదు కాబట్టి నమోదు కాలేదు. విచారణ నివేదిక నూట నలభై పేజీలు వచ్చింది. దాన్ని చదివిన పైవాళ్లు ఒక సర్క్యులర్ పంపారు. "ప్రభుత్వ నిర్మాణములందు తుప్పు ఏ దశలోనూ, ఏ రూపములోనూ, ఏ కారణము చేతనూ సహింపబడదు."

పరాంకుశం గారు మనిషి మంచివారే. ఆయనకున్న బలహీనత ఒక్కటే, సర్క్యులర్ వస్తే నమ్మేస్తారు. మర్నాడే మా ఆఫీసుని తుప్పు రహిత డివిజన్‌గా ప్రకటించారు. సోమవారం సోమవారం అందరం వరసలో నిలబడి కుడిచెయ్యి చాచి తుప్పు వ్యతిరేక ప్రతిజ్ఞ చేసేవాళ్లం. టీ తెచ్చే ట్రే అంచు ఎర్రబారిందని ట్రే తీసేశారు. అప్పట్నుంచి అటెండరు గ్లాసులు రెండేసి చొప్పున పదకొండు సార్లు తిరిగేవాడు. ఆఫీసు గేటుకి తుప్పు పట్టిందని గేటు పీకించేశారు. ఆవులు లోపలికి వచ్చాయి. ఆవులకి తుప్పు పట్టదు కాబట్టి సర్క్యులర్ ప్రకారం వాటి మీద చర్య తీసుకునే వీలు లేకపోయింది.

కొత్త వంతెన మంజూరైంది. పాత పలకలు దివ్యంగా ఉన్నాయి కాబట్టి, తేలాల్సింది మేకుల సంగతే. దానికి మేకుల ఎంపిక ఉపసంఘం వేశారు. సంఘం ఏడుసార్లు కూర్చుంది. ఎర్రయ్య ఊరుకోలేక, మూడు రకాల మేకులు మందు కర్ర ముక్కకి కొట్టి, పోలమ్మ ఉప్పుచేపలు ఊరేసే కుండలో పడేసి, రెండు నెలల తర్వాత తీసుకొచ్చి సంఘం ముందు బల్ల మీద పెట్టాడు. మామూలు మేకు చేత్తో నలిపితే పొడైంది. తళతళ మేకుకి బొబ్బలు లేచాయి. ఓడ స్టీలు మేకు పెళ్లికొడుకులా ఉంది. గదంతా ఉప్పుచేపల వాసన.

"ప్రయోగము ఆసక్తికరముగా ఉన్నది," అన్నారు పరాంకుశం గారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని. "కానీ ఈ కుండకు ప్రయోగశాలగా గుర్తింపు ఉన్నదా?"

"కుండకి నేదు బాబూ. కుండలో సేపకి ఊర్లో మంచి గుర్తింపున్నాది," అంది గుమ్మంలో నిలబడ్డ పోలమ్మ కోడలు.

ఇంకో ఐదు నెలలు గడిచాక, మూడు ఊళ్ల ప్రయోగశాలల కాగితాలు చూసి, సంఘం ఏకగ్రీవంగా ఓడ స్టీలు మేకులే కొనాలని తీర్మానించింది. అక్షరాలా మూడు వేల ఆరువందల మేకులు వచ్చాయి. ఆరంగుళాల మేకులు, ఒక్కోటీ అద్దంలా మెరుస్తోంది. మా ఆఫీసు చరిత్రలో సరైన వస్తువు, సరైన చోటికి, సరైన లెక్కకి రావడం అదే మొదటిసారి. అక్కడ ఆగి ఉంటే ఈ కథ లేదు.

మేకుల్ని చూడగానే పరాంకుశం గారికి భయం పట్టుకుంది. ఇంత మంచి మేకులు. బయట చూస్తే సముద్రపు గాలి. వెంటనే తన గదిలో ఉన్న ఏసీని పీకించి స్టోరు గదిలో పెట్టించారు. ఏసీ కింద ఒక ఇనప బీరువా, బీరువాలో మేకులు. ఆయన మాత్రం తన గదిలో బనీనుతో కూర్చుని, విసనకర్రతో విసురుకుంటూ సంతకాలు చేసేవారు. మధ్యాహ్నం పూట మేమంతా మేకుల్ని పరిశీలించే నెపంతో స్టోరు గదిలో కునుకు తీసేవాళ్లం. అంత శ్రద్ధగా సిబ్బంది పనిచేయడం ఆయన ఎన్నడూ చూడలేదట, ఒకరోజు అందరి ముందూ మెచ్చుకున్నారు.

చివరికి ఆరో నెలలో దిబ్బ మీది ఆడవాళ్లు గంపలతో సహా వచ్చి వరండాలో బైఠాయించాక మేకులు బయటికి వచ్చాయి. ఎర్రయ్య, అతని మనుషులు వారం రోజుల్లో వంతెన కట్టేశారు. ఒక్క చోటే గొడవైంది. పడవ మేస్త్రులకి ఒక అలవాటుంది. మేకు అవతలికి దిగ్గానే దాని కొస వంచేస్తారు, అలా వంచితే ఎన్నేళ్లయినా ఊడదు. పరాంకుశం గారు వంచనివ్వలేదు.

"కొస వంచినచో మేకును తనిఖీ చేయుట ఎట్లు?"

"కొట్టిన మేకుని మరేటి తనిఖీ సేత్తారు బాబూ?"

"బయటకు తీసి చూతుము."

ఎర్రయ్య నవ్వాడు. ఆయన హాస్యమాడుతున్నారనుకున్నాడు. పాపం, ఆయనకి ఆ అలవాటు లేదు.

వంతెన తెరిచిన రోజు పొద్దున్నే పోలమ్మ గంప ఎత్తుకుని అందరికన్నా ముందు దాటింది. కుంటుతూనే దాటింది. నడిమధ్యకొచ్చి ఆగి, కాలితో పలకని రెండుసార్లు తట్టి చూసుకుని, నావైపు చూసి నవ్వింది. నాకు చాలా సంతోషం వేసింది. రిజిస్టర్లో సంతోషానికి కాలమ్ లేదు, ఉంటే రాసేవాణ్ణి.

పదకొండు గంటలకి సంత ముగించుకుని ఆవిడ తిరిగొచ్చేసరికి వంతెనకి ఈ చివర పలకలు లేవు. కూలీలు మేకులు పీకి, పలకలు పేరుస్తున్నారు. ఆ రోజు పదిహేనో తారీఖు. పరాంకుశం గారు కొత్త నిబంధన జారీ చేశారు. అది మొత్తం నాకు కంఠతా వచ్చు. "పైకి కనిపించునది తుప్పు కాదు, దాని ప్రకటన మాత్రమే. అసలు తుప్పు కలప లోపల దాగియుండును. కావున ప్రతి పక్షమునకు ఒకసారి ప్రతి మేకునూ వెలికితీసి, తుడిచి, భూతద్దముతో పరీక్షించి, రిజిస్టరునందు నమోదు గావించి, తిరిగి అదే రంధ్రమున కొట్టవలెను."

మేకులు పీకడానికి ఐదు రోజులు. చూసి రాయడానికి నాలుగు రోజులు, ఆ రాసేవాణ్ణి నేనే. మళ్లీ కొట్టడానికి ఐదు రోజులు. అంటే పక్షానికి ఒక్కరోజు వంతెన ఉంటుంది. మిగతా పద్నాలుగు రోజులూ తుప్పు పట్టకుండా ఉంటుంది.

పోలమ్మ ఇవతలి ఒడ్డున ఖాళీ గంపతో నిలబడిపోయింది. సాయంత్రం నలుగురు జాలర్లు మంచం తెచ్చి, ఆవిడని దాని మీద కూర్చోబెట్టి, బురదలోంచి భుజాల మీద మోసుకెళ్లారు. దాటేంతసేపూ ఆవిడ ఎవరివైపూ చూడలేదు. ఒడ్డు దిగాక, వెంట వచ్చిన నావైపు తిరిగి ఒక్క మాట అంది.

"బతికుండగానే మోయించారు గదా బాబూ."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఇంటికెళ్లి అన్నం సరిగా తినలేదు. అయినా మర్నాడు భూతద్దం పట్టుకుని కూర్చున్నాను. మేకు నంబరు ఒకటి, తుప్పు: లేదు. మేకు నంబరు రెండు, తుప్పు: లేదు. అలా మూడు వేల ఆరువందలు.

నాలుగు తనిఖీలు అయ్యాయి. పీకి కొట్టి, పీకి కొట్టి, కన్నాలు వదులైపోయాయి. మొదటిసారి మేకు పీకడానికి ఇద్దరు మనుషులు గడ్డపార వేయాల్సి వచ్చింది. ఐదోసారి బొటనవేలూ చూపుడువేలూ చాలాయి. పరాంకుశం గారికి ఆనందం పట్టలేదు. "తనిఖీ సౌలభ్యము గణనీయముగా పెరిగినది," అని పైకి నివేదిక పంపారు. పైనుంచి అభినందన వచ్చింది. ఇదే సౌలభ్యాన్ని మరింత పెంచమని కూడా రాశారు.

ఎంత పెంచితే అంత పెరిగే గుణం ఆయనది. వారం రోజులు బనీనుతో కూర్చుని ఆలోచించి, చివరికి అసలు కిటుకు పట్టేశారు.

"లోకనాథం, మేకుకు తుప్పు ఎప్పుడు పట్టును?"

"తడి తగిలితే సార్."

"తడి ఎప్పుడు తగులును?"

"వంతెనకి కొడితే సార్."

"కొట్టనిచో?"

జవాబు నాకు తెలిసిపోయింది. చేతిలోని భూతద్దం మెల్లగా ఆయన బల్ల మీద పెట్టేశాను.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. మూడు వేల ఆరువందల మేకులకీ నంబర్లు వేసి, ఏ మేకు ఏ కన్నానిదో చీటీ కట్టి, అన్నిటినీ ఏసీ గదిలో బీరువాలో భద్రపరచాలి. "బీరువాయందున్న ప్రతి మేకునూ తన రంధ్రమునందు కొట్టబడినట్లే భావింపవలెను. వంతెన సంపూర్ణమైనట్లును, రాకపోకలకు అనువైనట్లును భావింపవలెను." ఇక నుంచి పక్షానికోసారి నేను ఏట్లో దిగక్కర్లేదు, బీరువా తలుపు తెరిచి చూస్తే చాలు. దాని పేరు వంతెన తనిఖీ.

అలా మా వంతెన ఒక్క పూటలో సంవత్సరమంతా తెరిచి ఉండే వంతెన అయింది. అడ్డ దూలాల మీద పలకలు ఊరికే పరిచి ఉన్నాయి. మర్నాడు పొద్దున పోలమ్మ గంపతో వచ్చింది. మొదటి పలక ఈ చివర కాలు పెడితే ఆ చివర లేచింది. కాలు తీసింది, అది దిగింది. మళ్లీ పెట్టింది, మళ్లీ లేచింది. గంప దించి ఒడ్డున కూర్చుంది. కూర్చోవడం చేతకాని మనిషి కూర్చుంది. అంతవరకూ ఆవిడ తనంతట తను కూర్చోగా నేను చూడలేదు.

"కొట్టినట్టే అనుకోమన్నారంట గదా బాబూ," అంది నాతో. "నాననుకుంతాను. నా మోకాలే అనుకోట్లేదు."

ఇరవై రెండేళ్లలో మొదటిసారి నాకు ఆఫీసు మీద కోపం వచ్చింది. ఆఫీసు అంటే నేనే కాబట్టి నా మీదే వచ్చింది. వలలు అల్లుకుంటున్న ఎర్రయ్య దగ్గరికి వెళ్లి పక్కన నిలబడ్డాను.

"ఎర్రయ్యా, రేపు రెండో శనివారం. ఎల్లుండి ఆదివారం. ఆఫీసు ఉండదు. ఏటివైపు ఎవరూ రారు. ఈ మాట నీకెందుకు చెబుతున్నానో నాకే తెలీదు."

ఎర్రయ్య తలెత్తకుండానే అడిగాడు. "కన్నాలు ఎంతయినాయి బాబూ?"

"చిటికెన వేలు దూరుతోంది."

"పలకలోంచి కింద దూలం దాకానా?"

"ఆరంగుళాల మేకులు కదా. అటునుంచి ఇటు వెల్తురు కనిపిస్తోంది."

ఎర్రయ్య మొహం విచ్చుకుంది. ఇసకలదిబ్బ జాలర్ల సంగతి మీకు చెప్పలేదు. వాళ్ల తాతలు మేకు అనేదే వాడకుండా పడవలు చేసేవాళ్లు. పలకలకి వరసగా కన్నాలు పెట్టి, కొబ్బరి తాడుతో బట్టలు కుట్టినట్టు కుట్టేసేవాళ్లు. కెరటం కొడితే మేకు పడవ విరుగుతుంది, కుట్టు పడవ ఒళ్లు వంచి లేస్తుంది. ఆ పనిలో కష్టమంతా కన్నాలు పెట్టడంలోనే ఉంది. అవి మా ఆఫీసు ఐదు తనిఖీల్లో పెట్టించి సిద్ధంగా ఉంచింది. కావలసినన్ని, కావలసినంత లావున, కావలసిన చోట.

శనివారం తెల్లవారేసరికి దిబ్బ దిబ్బంతా ఏటి మీదే ఉంది. చేపనూనెలో నానబెట్టిన కొబ్బరితాడు చుట్టలు చుట్టలుగా వచ్చింది. మగవాళ్లు కింద బురదలో నిలబడి తాడు అందిస్తే, ఎర్రయ్య పైనుంచి ఒక కన్నంలో దించి, పక్క కన్నంలోంచి పైకి లాగి, మోకాలితో తొక్కి బిగించేవాడు. పోలమ్మ ఒడ్డున నిలబడి కుట్టు కుట్టుకీ వంక పెట్టింది. ఇక్కడ వదులంది, అక్కడ వంకరంది, మా మామ బతికుంటే నిన్ను కొట్టేవోడంది. ఎర్రయ్య మురిసిపోతూ ఇంకా బిగించాడు. ఆదివారం పొద్దుగూకే వేళకి వంతెన అయిపోయింది. పది మంది ఆడవాళ్లు గంపలతో ఒకేసారి ఎక్కి గంతులేశారు. నేనూ ఎక్కాను. ఎవరూ చూడలేదనుకుని ఒక గంతు వేశాను కూడా.

సోమవారం నుంచి రాకపోకలు మొదలయ్యాయి. సంతలో మొదటి గంప మళ్లీ పోలమ్మదయింది. బీరువా తనిఖీలు సక్రమంగా సాగుతున్నాయి, పరాంకుశం గారు వంతెన బ్రహ్మాండంగా నడుస్తోందని విని తన ఉత్తర్వు గొప్పదనానికి తనే ఆశ్చర్యపోతున్నారు. అలా మూడు నెలలు అందరం సుఖంగా ఉన్నాం. అప్పుడు చీఫ్ ఇంజనీరు గారు వస్తున్నారని కబురొచ్చింది. ఒక్క మేకుకీ తుప్పు పట్టని వంతెన రాష్ట్రంలో ఇదొక్కటేనట, స్వయంగా చూసి బహుమతి ఇస్తారట.

బహుమతి సంగతి వినగానే పరాంకుశం గారు వంతెన కట్టాక మొదటిసారి ఏటి ఒడ్డుకి వచ్చారు. తాళ్లు చూశారు.

"ఇవేమి? నిర్మాణమునకు అనధికార తాళ్లు బిగించినదెవరు? రేపటిలోగా కోసి తీసివేయవలెను."

పోలమ్మ గంప పక్కన పెట్టి ఎర్రయ్యవైపు చూసింది. ఎర్రయ్య తువ్వాలు నడుముకి బిగించుకుని, నిదానంగా చెప్పాడు.

"బిగించినాయి కావు బాబూ. అలంకారం. పెద్దదొర గారు వత్తన్నారని తోరణాలు కట్టాం. వద్దంటే ఇప్పుడే ఇప్పేత్తాం."

పరాంకుశం గారి మొహం మెత్తబడింది. "ఆహా. ప్రజా భాగస్వామ్యము. ఉంచండి, ఉంచండి. మామిడాకులు కూడా తగిలించండి."

మామిడాకులు తగిలించారు.

చీఫ్ ఇంజనీరు గారు కారు దిగీ దిగడంతోనే మేకులు చూపించమన్నారు. అందరం స్టోరు గదికి వెళ్లాం. గది హిమాలయంలా ఉంది. ఏసీ కింద బీరువా ఉంది. బీరువాని చూసి పరాంకుశం గారు నోరు తెరిచి మూయలేదు. ఏడాదిగా ఏసీ నీళ్లు బొట్టు బొట్టుగా దాని నెత్తిన పడుతున్నాయి. రంగంతా పెచ్చులు లేచి, తలుపులు, కీళ్లు, తాళం అన్నీ కలిసి ఒక్క ఎర్రటి ముద్దగా అతుక్కుపోయాయి. అది తెరుచుకుని రెండు నెలలైందని నాకు ముందే తెలుసు. అయినా పక్షం పక్షం రిజిస్టర్లో "తుప్పు: లేదు" అని రాస్తూనే ఉన్నాను. నేను రాసేది మేకుల గురించి, బీరువా గురించి కాదు.

తాళంచెవి పెడితే తాళంచెవే విరిగింది.

"పగలగొట్టండి," అన్నారు చీఫ్ గారు.

అటెండరు సుత్తి ఎత్తాడు. నాకు భయం వేసింది. బీరువా పగిలితే మేకులు బయటికొస్తాయి. మేకులు బయటికొస్తే వంతెనకి మళ్లీ కొట్టమంటారు. కొట్టాలంటే తాళ్లు కోయాలి. కొట్టాక మళ్లీ పీకాలి. నా కళ్ల ముందు మంచం మీద పోలమ్మ కనిపించింది. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"సార్, నిబంధన ఒప్పుకోదు సార్."

ఉత్తర్వు తీసి చదివాను. "బీరువాలోని మేకులు వంతెనకి కొట్టబడినట్లే భావింపవలెనని ఉంది సార్. అంటే ఇది బీరువా కాదు, వంతెన. రాకపోకలు జరుగుతుండగా వంతెనని సుత్తితో పగలగొడితే ప్రభుత్వ ఆస్తి ధ్వంసం కింద వస్తుంది. పైగా ఇప్పుడు దాని మీద జనం ఉన్నారు."

చీఫ్ గారు కిటికీలోంచి చూశారు. దూరంగా ఏటి మీద ఆడవాళ్లు గంపలతో వరసగా వస్తున్నారు, ముందు పోలమ్మ. అటెండరు సుత్తి ఎవరికీ కనపడకుండా వెనక్కి పెట్టుకున్నాడు.

"ఆ ముందున్న స్త్రీని పిలిపించండి," అన్నారు చీఫ్ గారు.

పోలమ్మ వచ్చి గుమ్మం అవతలే నిలబడింది. చలికి కొంగు కప్పుకుంది.

"వంతెన దృఢంగా ఉన్నదా?"

"నిచ్చేపంలా ఉన్నాది బాబూ."

"మరి మేకులన్నీ ఈ బీరువాలో ఉన్నవి. అది ఎట్లు నిలబడినది?"

పోలమ్మ బీరువాని చూసింది, నన్ను చూసింది.

"మేకులు ఇక్కడ సల్లగా, బద్రంగా ఉండబట్టే గదా బాబూ అక్కడది నిలబడ్డాది," అంది. "బయటికి తీసినన్నాళ్లూ అది కూలతానే ఉన్నాది. మీరే అడగండి."

పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లకి నిజం వింటే వెంటనే అనుమానం వస్తుంది గానీ, ఇది అచ్చం నివేదికలాగే వినిపించింది. పైగా అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. చీఫ్ గారు జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాట పొల్లుపోకుండా రాసుకున్నారు. ఆ మధ్యాహ్నమే బహుమతి ప్రదానం జరిగింది. పరాంకుశం గారికి శాలువా కప్పారు. ఏడాదిగా ఆయన ఏసీ లేకుండా ఉక్కపోతలో ఉన్నారేమో, శాలువాలో ముద్దగా తడిసిపోయి కన్నీళ్లు పెట్టుకున్నారు.

నెల తిరిగేసరికి ఉత్తర్వు దిగింది. బీరువాని ఎవరూ, ఏ కారణం చేతనూ తెరవరాదు. పక్షానికి బదులు ఇక వారానికోసారి వంతెన తనిఖీ బీరువా ఎదురుగా నిలబడి, బయటినుంచే చెయ్యాలి. మిగతా డివిజన్లన్నీ తమ తమ వంతెనలకి తగిన బీరువాలు వెంటనే కొనాలి. ఏటి మీది తోరణాల గురించి చివర ఒక వాక్యం ఉంది, అవి చక్కగా ఉన్నాయి కాబట్టి ఏటేటా కొత్తవి కట్టించమని. ఎర్రయ్య పండక్కి ముందు తాళ్లన్నీ మార్చి కుట్టాడు. ఏటి దగ్గరికి ఆ తర్వాత మా ఆఫీసు నుంచి ఎవరూ వెళ్లలేదు.

ప్రతి శుక్రవారం సంత అయ్యాక పోలమ్మ మా స్టోరు గదికి వస్తుంది. బీరువా తలుపుకి పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టి, గొళ్లెం మీద ఒక మందారపువ్వు ఉంచుతుంది. తర్వాత కొంగు చాటు నుంచి సీసా తీసి, అందులోని సముద్రపు నీళ్లు తాళం మీద నెమ్మదిగా, మొత్తం పోసేస్తుంది.

"తెరుసుకోకు తల్లీ," అని దణ్ణం పెట్టుకుంటుంది.

నీళ్లు నా చెప్పుల దాకా వస్తాయి. నేను కాళ్లు పైకి పెట్టుకుని, రిజిస్టరు ఒళ్లోకి తీసుకుని, ఆ వారం తారీఖు వేసి, ఒక్క కొట్టివేత లేకుండా రాస్తాను. తుప్పు: లేదు.